పెరట్లో ఏ మిల్క్‌వీడ్ నాటాలి: కామన్ మిల్క్‌వీడ్‌కూ దాని తోటి రకాలకూ మధ్య ఎంపిక

జూన్ నెలాఖరులో న్యూజెర్సీలోనో, ఒహాయోలోనో, ఇల్లినాయిలోనో పట్టణం దాటి కాస్త దూరం వెళ్తే రోడ్డు వారన, పొలం గట్ల మీద, రైలు పట్టాల పక్కన ఛాతీ ఎత్తున నిలబడిన ఒక మొక్క కనిపిస్తుంది. దళసరి ఆకులు జతలు జతలుగా ఎదురెదురుగా ఉంటాయి. ఆకుల మొదళ్ళ దగ్గర గుండ్రటి పూలగుత్తులు, లేత వంగపండు ఛాయ కలిసిన గులాబీ రంగులో, బరువుకు కొద్దిగా వంగి ఉంటాయి. ఆకు తుంచితే చిక్కటి తెల్లటి పాలు కారతాయి. జిల్లేడు చూస్తూ పెరిగినవారికి ఈ మొక్క దేనికి చుట్టమో మరొకరు చెప్పనక్కరలేదు; జిల్లేడు, గన్నేరు, ఈ మొక్క మూడూ ఒకే కుటుంబానికి చెందినవే. దీని పేరు కామన్ మిల్క్‌వీడ్, శాస్త్రీయ నామం ఆస్క్లిపియాస్ సిరియాకా. సిరియా దేశంతో దీనికి ఏ సంబంధమూ లేదు. ఈ మొక్క అక్కడిదన్న పొరపాటు 1753లో లిన్నేయస్ పెట్టిన పేరులోకి ఎక్కి, ఇప్పటికీ అలాగే ఉండిపోయింది. ఇది ఉత్తర అమెరికా తూర్పు భాగంలో, దక్షిణ కెనడా నుంచి జార్జియా వరకు, పడమట డకోటాల వరకు సహజంగా పెరిగే అడవిపువ్వు.

ఈ మొక్క గురించి ఇప్పుడు ఇంతమంది అడగడానికి కారణం మోనార్క్ సీతాకోకచిలుక. దాని గొంగళిపురుగు మిల్క్‌వీడ్ జాతి ఆకులు తప్ప మరే ఆకూ తిని బతకదు. కలుపుమందును తట్టుకునే సోయా 1996లో వచ్చి, ఆ తర్వాత మొక్కజొన్నలోనూ అటువంటి రకాలు రావడంతో, మధ్య పశ్చిమ రాష్ట్రాల పొలాల్లో సాళ్ళ మధ్య పెరిగే మిల్క్‌వీడ్ దాదాపుగా తుడిచిపెట్టుకుపోయింది. వలస వెళ్ళే మోనార్క్‌ను ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ 2022లో అంతరించే ప్రమాదంలో ఉన్న జీవిగా ప్రకటించి, 2023లో ఆ ప్రమాద స్థాయిని ఒక మెట్టు తగ్గించింది. 2024 డిసెంబరులో అమెరికా వన్యప్రాణి శాఖ దీనికి చట్టబద్ధమైన రక్షణను ప్రతిపాదించింది. ఈ వార్తలు చదివో, పిల్లలు బడిలో విని ఇంటికి వచ్చి చెబితేనో, అమెరికాలోని మన తెలుగు కుటుంబాలవారు చాలామంది పెరట్లో నాలుగు మిల్క్‌వీడ్ మొక్కలు పెట్టాలనుకుంటున్నారు. తీరా నర్సరీకి వెళ్తే అదే పేరుతో నాలుగైదు రకాలు కనిపిస్తాయి. వాటిలో ఏది మంచిదో పూల రంగు చూసి తెలుసుకోవడం సాధ్యం కాదు.

నా అభిప్రాయం ముందే చెబుతాను. మోనార్క్‌కు అన్నివిధాలా ఎక్కువ ఉపయోగపడేది కామన్ మిల్క్‌వీడే, అయితే దానికి పాకే చోటు ఉండి తీరాలి. చోటు తక్కువగా ఉన్న ఇళ్ళకు స్వాంప్ మిల్క్‌వీడ్ సరైనది. ఎండకు ఎండిపోయే ఇసుక నేలకు బటర్‌ఫ్లై వీడ్ తగినది. నర్సరీలో అన్నిటికన్నా అందంగా, చవకగా, వెంటనే దొరికే ట్రాపికల్ మిల్క్‌వీడ్‌ను మాత్రం వదిలిపెట్టాలి. ఎందుకన్నది వివరంగా చూద్దాం.

ముందుగా చూడవలసిన విషయాలు

మొదటిది మీరు ఉండే ప్రాంతం. అమెరికాలో సహజంగా పెరిగే మిల్క్‌వీడ్ రకాలు డెబ్బైకి పైగా ఉన్నాయి. వాటిలో ప్రతిదానికీ తనదైన ప్రాంతం ఉంది. న్యూజెర్సీలోని ఎడిసన్‌లో అడవిపువ్వు అయిన మొక్క డాలస్‌లో అడవిపువ్వు కాదు. అందువల్ల స్నేహితులు మరో రాష్ట్రం నుంచి పంపిన విత్తనాలను వేసేముందు ఆ రకం మీ రాష్ట్రంలో సహజంగా పెరిగేదో కాదో చూసుకోవాలి.

రెండవది నేల, నీరు. నేను ఇక్కడ చెప్పే మిల్క్‌వీడ్‌లన్నీ నిండు ఎండనే కోరుకుంటాయి, రోజుకు కనీసం ఆరు గంటల ఎండ లేనిచోట ఇవి బాగా పూయవు. నీటి విషయంలో మాత్రం ఇవి పూర్తిగా విడిపోతాయి. ఒకటి చెరువు గట్టున నిలిచే మొక్క అయితే, మరొకటి వేరు తడిగా ఉంటే కుళ్ళిపోయే మొక్క. వాన వెలిసిన మర్నాడు మీరు నాటబోయే చోట వేలు గుచ్చి చూడండి. అప్పటికీ నీరు ఊరుతుంటే ఒక రకం, మట్టి పొడిపొడిగా రాలుతుంటే మరో రకం పనికివస్తుంది.

మూడవది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, మొక్క పాకే తీరు. నర్సరీలో చిన్న కుండీలో ఉన్నప్పుడు అన్ని మిల్క్‌వీడ్‌లూ ఒకేలా వినయంగా కనిపిస్తాయి. తేడా రెండో ఏటి నుంచి తెలుస్తుంది. కొన్ని రకాలు నాటినచోటే దుబ్బు కట్టి పెరుగుతాయి. కొన్ని అరటి చెట్టులా నేలలోంచి పిలకలు వేస్తాయి, అయితే అరటి పిలక తల్లి పక్కనే లేస్తుంది, కామన్ మిల్క్‌వీడ్ పిలక అడుగుల దూరంలో ఎక్కడ లేస్తుందో ముందుగా చెప్పలేము.

నాలుగవది, మోనార్క్ ఆ మొక్కను ఎంతగా వాడుకుంటుందన్నది. గొంగళిపురుగు అన్ని రకాలనూ తినగలదు కాని, ఆడ సీతాకోకచిలుక గుడ్లు పెట్టడానికి అన్నిటినీ సమానంగా ఎంచుకోదు. కామన్, స్వాంప్ రకాల మీద గుడ్లు ఎక్కువగా కనిపిస్తాయి, బటర్‌ఫ్లై వీడ్ మీద తక్కువ.

వీటికి తోడు హెచ్‌ఓఏ (కాలనీలోని ఇళ్ళ యజమానుల సంఘం) నిబంధనలు, ఇంట్లో చిన్నపిల్లలు, పెంపుడు జంతువులు ఉన్నారా లేదా అన్నవి కూడా ఎంపికను మారుస్తాయి. వాటి సంగతి తర్వాత చెబుతాను.

| రకం | ఎత్తు | పూల రంగు | నేల | పాకే తీరు | గుడ్లు పెట్టడానికి |
|---|---|---|---|---|---|
| కామన్ మిల్క్‌వీడ్ | 3 నుంచి 5 అడుగులు | లేత గులాబీ | దాదాపు ఏ నేలైనా | పిలకలతో దూరం పాకుతుంది | చాలా ఇష్టం |
| స్వాంప్ మిల్క్‌వీడ్ | 3 నుంచి 5 అడుగులు | ముదురు గులాబీ | తడి నేల, బంకమన్ను | నాటినచోటే దుబ్బుగా | చాలా ఇష్టం |
| బటర్‌ఫ్లై వీడ్ | 1 నుంచి 2½ అడుగులు | నారింజ | ఇసుక నేల, పొడి నేల | నాటినచోటే | తక్కువ |
| వెర్టిసిలాటా | 1 నుంచి 2½ అడుగులు | తెలుపు | పొడి నేల | పిలకలతో, కాస్త మెల్లగా | మధ్యస్థం |
| ట్రాపికల్ మిల్క్‌వీడ్ | 2 నుంచి 4 అడుగులు | ఎరుపు, పసుపు | మామూలు తోట నేల | విత్తనాలతో | ఇష్టమే, కాని ప్రమాదకరం |

కామన్ మిల్క్‌వీడ్

ఈ మొక్క బలం అంతా నేల కిందే ఉంది. చలికాలం రాగానే పైన ఉన్నదంతా ఎండిపోయి పడిపోతుంది. నేలలోని కాండం మాత్రం బతికి ఉండి, మే నెలలో మళ్ళీ మొలుస్తుంది. బంకమన్ను, గులకరాళ్ళు, రోడ్డు పక్కన ఉప్పు పడిన నేల దేనికీ ఇది వెనుదీయదు. ఒకసారి నిలదొక్కుకుంటే నీళ్ళు పోయవలసిన పని లేదు. జింకలు తోటలో దాదాపు అన్నిటినీ కొరికిపెట్టే ప్రాంతాల్లో కూడా, ఆకులోని చేదు పాల వల్ల, దీని జోలికి సాధారణంగా రావు.

పూల వాసన గురించి ప్రత్యేకంగా చెప్పాలి. జూలైలో సాయంత్రం గాలి ఆగినప్పుడు, మొక్క కనిపించకముందే దాని తీపి వాసన తగులుతుంది. గుత్తిలో ఒక్క పువ్వును తీసి భూతద్దం కింద చూస్తే జిల్లేడు పువ్వులో కనిపించే కిరీటమే ఇక్కడా ఉంటుంది: మకరందం నింపుకున్న ఐదు చిన్న దొన్నెలు, ఒక్కో దొన్నెలోంచి వంగి పైకి వచ్చిన ఒక కొమ్ము. దొన్నెల మధ్య సన్నటి చీలికలు ఉంటాయి. తేనెటీగ కాలు జారి ఆ చీలికలో పడితే, పైకి లాక్కున్నప్పుడు పుప్పొడి నింపిన రెండు పసుపు సంచులు జతగా దాని కాలికి తగులుకుని వస్తాయి. బలం ఉన్న తేనెటీగలు, తుమ్మెదలు ఎగిరిపోతాయి. చిన్న పురుగులు కొన్ని కాలు తీసుకోలేక అక్కడే చిక్కుకుపోవడం కూడా చూశాను.

మోనార్క్ గుడ్డు గుండుసూది తలకన్నా చిన్నది, మీగడ రంగులో, నిలువు గాట్లతో ఉంటుంది. లేత ఆకు అడుగున వెతకాలి. నాలుగు రోజుల్లో పురుగు బయటికి వస్తుంది. రెండు వారాల లోపల అది చిటికెన వేలంత అవుతుంది. తినడానికి ముందు అది చేసే పని చూడదగినది: పెద్ద గొంగళిపురుగు ఆకు తొడిమను సగం వరకు కొరికి ఆగుతుంది. పాలు అక్కడే కారిపోతాయి, ఆకు వాలిపోతుంది, ఆ తర్వాత పురుగు నోరు అంటుకుపోకుండా ఆకు కొసనుంచి నెమ్మదిగా తింటుంది. వాలిన ఆకు కనిపిస్తే దాని అడుగున చారల పురుగు ఉన్నట్టే. ఆ పాలలోని విషాన్నే అది ఒంట్లో దాచుకుని, పక్షులు ముట్టకుండా తనను కాపాడుకుంటుంది.

ఇప్పుడు దీని లోపం. నేను మొదట ఈ మొక్కలు మూడు తెచ్చి, కాలిబాటకూ కూరగాయల మడికీ మధ్య ఉన్న రెండడుగుల సందులో పెట్టాను. మొదటి ఏడు అవి అరచేయి ఎత్తు కూడా పెరగలేదు. నేను పోయాయనుకున్నాను. మూడో వేసవికి గోంగూర మడిలో నాలుగు పిలకలు, కాలిబాట ఇటుకల సందులో రెండు, పక్కింటి వారి గడ్డిలో ఒకటి లేచాయి. పీకితే పైభాగం తెగి చేతికి వస్తుంది కాని, కిందిది మళ్ళీ మొలుస్తుంది. పక్కింటివారు మర్యాదగానే చెప్పారు కాని, ఆ వేసవి అంతా వారి గడ్డి వైపు చూసినప్పుడల్లా నాకు ఇబ్బందిగానే ఉండేది. తప్పు మొక్కది కాదు, మైదానంలో పెరగవలసిన దాన్ని నేను సందులో పెట్టాను.

అందుచేత నాటేవారు మొక్కకు ఐదారు అడుగుల మేర చోటు వదలాలి, లేదా నాలుగు వైపులా గడ్డికోత యంత్రం తిరిగే చోట పెట్టాలి. గడ్డితో పాటు పిలకలు కోతపడుతూ ఉంటే గుంపు తన హద్దులో ఉంటుంది. జూన్ చివర్లో గుంపులో మూడో వంతు మొక్కలను సగానికి కోస్తే, అవి మళ్ళీ లేత ఆకులు వేస్తాయి. ఆగస్టులో గుడ్లు పెట్టే మోనార్క్‌లకు ఆ లేత ఆకులే కావాలి. కోసేముందు ప్రతి ఆకు అడుగునా గుడ్లు, పురుగులు ఉన్నాయేమో చూడడం మరిచిపోవద్దు.

మరొక సంగతి చాలామందికి తెలియదు. ఈ మొక్క తన పుప్పొడితో తాను కాయదు. ఒకే మొక్క పిలకలతో పెరిగిన గుంపు ఎంత పెద్దదైనా, పక్కన వేరే విత్తనం నుంచి వచ్చిన మొక్క లేకపోతే కాయలు దాదాపుగా కాయవు. కాయలు కావాలనుకునేవారు వేర్వేరు విత్తనాల నుంచి వచ్చిన మొక్కలను కనీసం రెండింటిని పెట్టాలి. కాయలు వద్దనుకునేవారికి ఇదే లక్షణం మేలు చేస్తుంది.

ఈ కాయల్లోని దూదికి ఒక చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో జావా నుంచి వచ్చే తెల్ల బూరుగు దూది జపాన్ ఆక్రమణతో ఆగిపోయింది. నావికుల ప్రాణరక్షణ జాకెట్లలో నింపేది ఆ దూదినే. దానికి బదులుగా 1944లో అమెరికా బడిపిల్లలు ఉల్లిపాయల సంచులు పట్టుకుని, మిల్క్‌వీడ్ కాయలు ఏరారు. రెండు సంచుల కాయలు ఒక ప్రాణాన్ని కాపాడతాయన్నది అప్పటి పిలుపు. మిషిగన్‌లోని పెటోస్కీలో ఆ దూదిని శుభ్రం చేసే కర్మాగారం నడిచింది. అంతకుముందూ ఆ తర్వాతా రైతులు కలుపుగా పీకి పారేసిన మొక్క ఇది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రం దీన్ని హానికర కలుపు జాబితా నుంచి తొలగించింది 2014లోనే.

స్వాంప్ మిల్క్‌వీడ్

పేరులో చిత్తడి ఉందని భయపడనవసరం లేదు. ఆస్క్లిపియాస్ ఇన్‌కార్నాటా చెరువు గట్ల మీద, వాగుల పక్కన పెరిగే మొక్కే అయినా, వారానికి ఒకటి రెండుసార్లు బాగా తడిపే మామూలు తోటలోనూ చక్కగా నిలబడుతుంది. ఆకులు సన్నగా, కొస తేలి ఉంటాయి. పూలు కామన్ రకం కన్నా ముదురు గులాబీ రంగులో, గుత్తులు బల్లపరుపుగా ఉంటాయి. కాండం నిటారుగా నిలుస్తుంది కనుక పూలమడిలో అమరినట్టు కనిపిస్తుంది.

దీని పెద్ద గుణం, పెట్టినచోటు విడిచి కదలకపోవడం. గుడ్లు పెట్టడానికి మోనార్క్‌లు దీన్ని కామన్ రకంతో సమానంగా ఇష్టపడతాయి. ఇల్లు కట్టిన తర్వాత పరిచిన బంకమన్ను మీద పలచటి పైమట్టి ఉన్న కొత్త కాలనీల పెరళ్ళలో, ఇంటి కప్పు మీది వాన నీటిని దించే గొట్టం (డౌన్‌స్పౌట్) నీళ్ళు వచ్చి పడే మూలలో, మిగతా మొక్కలు వేరుకుళ్ళుతో చనిపోయేచోట, ఇది హాయిగా పెరుగుతుంది. టౌన్‌హౌస్‌లో ఉండేవారు నన్ను ఒకే ఒక్క రకం చెప్పమంటే నేను చెప్పేది ఇదే.

లోపాలు లేవని కాదు. కామన్ రకంలా దశాబ్దాలు ఉండే మొక్క కాదు. కొన్నేళ్ళకు దుబ్బు బలహీనపడుతుంది కనుక, రాలిన విత్తనాల నుంచి వచ్చిన ఒకటి రెండు పిల్లమొక్కలను ఉంచుకోవాలి. జూలై ఎండల్లో నీళ్ళు మరిచిపోతే కింది ఆకులు పండి రాలిపోతాయి. సెలవులకు నెల రోజులు ఇండియా వెళ్ళే కుటుంబాలు, మొక్కలకు నీళ్ళు పోసేవారిని ముందే చూసుకోవాలి.

బటర్‌ఫ్లై వీడ్

ఆస్క్లిపియాస్ ట్యూబరోసా నారింజ రంగు పూలు ఎంత ప్రకాశంగా ఉంటాయంటే, దూరం నుంచి చూసినవారికి బంతిమడి అనిపిస్తుంది. మోకాలి ఎత్తు దాటదు. తుంచితే పాలు రావు, నీటిలాంటి రసం వస్తుంది. మిల్క్‌వీడ్‌లలో ఇది అరుదైన లక్షణం. 2017లో అమెరికాలోని బహువార్షిక మొక్కల సంఘం దీన్ని ఆ సంవత్సరపు మొక్కగా ఎంపిక చేసింది. హెచ్‌ఓఏ వారు కలుపు మొక్క అని నోటీసు పంపే అవకాశం అన్నిటికన్నా తక్కువగా ఉండేది దీనితోనే. ఇంటి ముందు మడిలో పెట్టదగిన మిల్క్‌వీడ్ ఇది.

దీనికి తల్లివేరు లోతుగా దిగుతుంది. అందువల్ల ఒకసారి నాటిన తర్వాత చోటు మార్చకూడదు. చిన్న మొక్కగా ఉన్నప్పుడే, శాశ్వతంగా ఉంచదలచినచోట పెట్టాలి. వసంతంలో మిగతావన్నీ మొలిచిన చాలా రోజులకు గాని ఇది మొలవదు, చచ్చిపోయిందనుకుని తవ్వేసేవారు చాలామంది. పక్కన చిన్న పుల్ల గుచ్చి గుర్తు పెట్టుకోండి. బంకమన్నులో, నీరు నిలిచేచోట చలికాలంలో వేరు కుళ్ళిపోతుంది.

అయితే మోనార్క్ గుడ్ల కోసమే నాటేవారు దీని ఒక్కదాని మీద ఆధారపడితే నిరాశపడతారు. తేనెటీగలకు, పెద్ద సీతాకోకచిలుకలకు మకరందం ఇవ్వడంలో దీనికి సాటి లేదు కాని, గొంగళిపురుగులకు ఆహారంగా దీనికి తోడు మరో రకం ఉండాలి. ముందు మడిలో ఇది, వెనుక పెరట్లో స్వాంప్ రకం: నేను ఎక్కువగా సూచించే జోడీ ఇదే.

వెర్టిసిలాటా

కాండం చుట్టూ దారాల్లాంటి సన్నటి ఆకులతో, తెల్లటి చిన్న పూలతో ఉండే ఈ రకం మిగతావాటి కన్నా ఆలస్యంగా, సెప్టెంబరు వరకు పూస్తుంది. పొడి నేలకు తగినది. పిలకలు వేస్తుంది కాని, మొక్క చిన్నది కనుక అదుపు చేయడం తేలిక. ఆకు సన్నం కావడంతో ఒక్క మొక్క ఒక్క పురుగుకైనా చాలదు; గుంపుగానే పెట్టాలి. గుర్రాలు, గొర్రెలు, మేకలు ఉన్నవారు దీని జోలికి పోవద్దు, పశువులకు బాగా విషమైన మిల్క్‌వీడ్‌లలో ఇదొకటి.

ట్రాపికల్ మిల్క్‌వీడ్

ఎరుపు, పసుపు కలిసిన పూలతో ఏప్రిల్ నెలలోనే పెద్ద దుకాణాల్లో అమ్మకానికి వచ్చే ఆస్క్లిపియాస్ కురాసావికా మెక్సికో, మధ్య, దక్షిణ అమెరికాలకు చెందినది. ఇండియాలోనూ ఎప్పుడో వచ్చి స్థిరపడింది కనుక మనలో కొందరికి చూసిన మొక్కలాగే అనిపిస్తుంది. విత్తనం చల్లదనం అడగదు, వేసిన కొద్ది రోజులకే మొలుస్తుంది, మొదటి ఏడే పూస్తుంది. నర్సరీలకు ఇవన్నీ అనుకూలాలు కనుక ఇదే ఎక్కువగా దొరుకుతుంది.

హాని ఎక్కడుందంటే, మోనార్క్‌లను పట్టే ఓఈ అనే పరాన్నజీవి ఉంది. ఆ జబ్బు ఉన్న సీతాకోకచిలుక గుడ్లు పెట్టేటప్పుడు దాని ఒంటి మీది బీజాలు ఆకుల మీద రాలతాయి, పురుగు ఆ ఆకుతో పాటు వాటినీ తింటుంది. జబ్బు ముదిరితే ప్యూపా నుంచి బయటికి వచ్చేటప్పుడు రెక్కలు విచ్చుకోవు, లేదా అది అసలు బయటికే రాలేదు. అమెరికా రకాలు చలికాలంలో నేలమట్టం అవుతాయి కనుక ఆకులతో పాటు బీజాలూ పోయి, ఏటా వసంతంలో శుభ్రమైన ఆకులు వస్తాయి. ట్రాపికల్ రకం ఫ్లోరిడాలో, టెక్సస్ దక్షిణ తీరంలో ఏడాది పొడవునా పచ్చగా ఉంటుంది, బీజాలు పేరుకుంటూ పోతాయి. వలస వెళ్ళవలసిన సీతాకోకచిలుకలు ఆ పచ్చదనం చూసి అక్కడే ఆగిపోవడమూ జరుగుతోంది.

ఇప్పటికే పెట్టుకున్నవారు పీకేయడం మంచిది. పీకడానికి మనసు రాకపోతే అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు నెలనెలా ఆరంగుళాల ఎత్తుకు కోస్తూ ఉండాలి. న్యూజెర్సీ, మిషిగన్ వంటి చలి రాష్ట్రాల్లో మంచుకు దానంతట అదే చనిపోతుంది కనుక ఈ ప్రమాదం తక్కువే కాని, ఏటా కొత్తగా కొనవలసిన మొక్క కన్నా, ఒకసారి నాటితే మళ్ళీ మళ్ళీ మొలిచే స్థానిక రకమే అక్కడ మేలు.

ఎవరికి ఏది

అర ఎకరం, ఆ పైన స్థలం ఉండి, వెనుక అడవో, నీటి గుంటో, కోయని గడ్డి నేలో ఉన్నవారు నిస్సందేహంగా కామన్ మిల్క్‌వీడ్ పెట్టాలి. గుడి ఆవరణలోనో, కాలనీ ఉమ్మడి స్థలంలోనో సీతాకోకచిలుకల తోట వేయదలచినవారికి కూడా ఇదే నా సలహా. అక్కడ అది పాకడం లోపం కాదు, కావలసిన గుణమే.

టౌన్‌హౌస్, చిన్న పెరడు ఉన్నవారికి స్వాంప్ రకం మూడు నాలుగు మొక్కలు, ముందు మడిలో బటర్‌ఫ్లై వీడ్ రెండు చాలు. ఒక్క మొక్కతో ఆపవద్దు. ఒక్కో గొంగళిపురుగు ఒక చిన్న మొక్క ఆకులన్నీ తినేయగలదు, ఆహారం అయిపోతే అవి గడ్డిలో తిరుగుతూ చనిపోతాయి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో అయితే కనీసం 12 అంగుళాల లోతున్న కుండీలో స్వాంప్ రకాన్ని పెంచవచ్చు. చలికాలంలో కరివేపాకు కుండీలా దాన్ని ఇంట్లోకి తేకూడదు, దానికి చలి కావాలి. కుండీని గోడవారకు జరిపి, చుట్టూ ఎండుటాకులు నింపితే చాలు.

హెచ్‌ఓఏ గట్టిగా ఉన్న చోట మడికి అంచు రాళ్ళు పేర్చడం, ఇది స్థానిక మొక్కల తోట అని చిన్న పలక పెట్టడం ఎంతో మేలు చేస్తాయి. మొక్క అదే అయినా, కావాలని పెంచినట్టు కనిపిస్తే ఫిర్యాదులు రావు. మేరీల్యాండ్‌లో 2021 నాటి చట్టం ఇటువంటి తోటలను హెచ్‌ఓఏలు అకారణంగా నిషేధించకుండా అడ్డుకుంది. మీ రాష్ట్రంలో నియమం ఏమిటో చూసుకుని, రాతపూర్వకంగా అనుమతి అడగడం మంచిది.

డాలస్, ఆస్టిన్ పరిసరాల్లో ఉన్నవారు కామన్ మిల్క్‌వీడ్ కోసం ప్రయాసపడవద్దు. అక్కడ సహజంగా పెరిగేవి ఆస్క్లిపియాస్ విరిడిస్, ఆస్క్లిపియాస్ ఆస్పెరులా అనే పొట్టి రకాలు. వసంతంలో మెక్సికో నుంచి తిరిగివచ్చే మోనార్క్‌లు మొదటి గుడ్లు పెట్టేది టెక్సస్‌లో ఈ మొక్కల మీదే కనుక, అక్కడి పెరటికి ఉన్న ప్రాముఖ్యం చిన్నది కాదు. కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాల వారికి కామన్ రకానికి దగ్గరి బంధువైన షోయీ మిల్క్‌వీడ్ ఉంది.

జర్మనీ, నెదర్లాండ్స్, ఐర్లండ్ వంటి దేశాల్లో ఉన్నవారు కామన్ మిల్క్‌వీడ్ అసలే నాటకూడదు. అమెరికాలో అడవిపువ్వు అయినది అక్కడ స్థానిక మొక్కలను అణచివేస్తోంది. 2017లో యూరోపియన్ యూనియన్ దీన్ని నిషేధిత ఆక్రమణ జాతుల జాబితాలో చేర్చింది. అలాగే ఊరికి వెళ్ళేటప్పుడు ఈ విత్తనాలు వెంట తీసుకువెళ్ళవద్దు. ఆంధ్ర, తెలంగాణల్లో ఆ పాత్ర జిల్లేడు ఇప్పటికే పోషిస్తోంది. మోనార్క్‌కు దగ్గరి బంధువైన నారింజ రంగు ప్లెయిన్ టైగర్ సీతాకోకచిలుక జిల్లేడు మీద గుడ్లు పెడుతుంది. పెరటి మూలన మొలిచిన జిల్లేడును పీకేయకుండా ఉంచితే, అక్కడ చేయవలసిన పని అదే.

కొనేటప్పుడు, నాటేటప్పుడు

నర్సరీలో మొదట అడగవలసిన ప్రశ్న, ఈ మొక్కకు నియోనికోటినాయిడ్ అనే రకం పురుగుమందులు వాడారా అన్నది. ఆ మందు మొక్క ఒళ్ళంతా పాకి ఉంటుంది, కడిగినా పోదు, ఆకు తిన్న పురుగు చనిపోతుంది. ఆకుల మీద ఒక్క కొరుకుడు మచ్చ కూడా లేకుండా నిగనిగలాడే మొక్క కన్నా, పురుగు తిన్న ఆకులున్న మొక్కే నమ్మదగినది. పేరు చీటీ మీద శాస్త్రీయ నామం చదవండి. మిల్క్‌వీడ్ అని మాత్రమే రాసి ఉంటే అది ట్రాపికల్ రకం కావచ్చు.

విత్తనాలతో మొదలుపెట్టేవారికి రెండు దారులున్నాయి. నవంబరులో, నేల గడ్డకట్టకముందే, పావు అంగుళం లోతున విత్తి వదిలేయడం తేలికైన దారి. చలి చేయవలసిన పని చలే చేస్తుంది. లేదంటే తడిపి పిండిన పేపర్ టవల్‌లో విత్తనాలు మడిచి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, 30 రోజులు ఫ్రిజ్‌లో ఉంచి, మంచు భయం పోయాక విత్తాలి. కామన్ రకం మొదటి ఏడు పూయదు, రెండో ఏడో మూడో ఏడో పూస్తుంది.

వేసవి మధ్యలో కాండం కొసల్లో పసుపు రంగు పేనుబంక గుంపులు కడుతుంది. మన జిల్లేడు, గన్నేరు మొక్కల మీద కనిపించే పురుగే ఇది. చూడడానికి బాగుండదు కాని, మొక్క చనిపోదు. మందు కొట్టవద్దు, వేప నూనె కూడా వద్దు, గొంగళిపురుగులకు అది హానికరమే. మోనార్క్ గుడ్లు లేవని చూసుకుని, హోస్ పైపుతో నీటిధార కొడితే చాలు.

పాల విషయంలో జాగ్రత్త అవసరం. చేతికి అంటితే దురద రావచ్చు, కంట్లో పడితే చూపు మసకబారి నొప్పి చేస్తుంది. మొక్కను ముట్టుకున్నాక కళ్ళు నలపకుండా సబ్బుతో చేతులు కడుక్కోవాలని పిల్లలకు మొదటి రోజే చెప్పండి. లేత పిలకలను ఉడికించి తినే ఆచారం ఇక్కడి ఆదిమ తెగల్లో ఉంది. ఆ పద్ధతి తెలియనివారు ప్రయత్నించకూడదు. విషపూరితమైన డాగ్‌బేన్ పిలకలు అచ్చం దీనిలాగే ఉంటాయి.

సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో కాయలు బూడిద రంగుకు తిరుగుతాయి. కాయ అతుకు మీద బొటనవేలితో మెల్లగా నొక్కండి. అది పగలకపోతే విత్తనం ఇంకా పచ్చిగా ఉన్నట్టు, వదిలేయండి. అతుకు విచ్చుకుని లోపల గోధుమ రంగు విత్తనాలు చేప పొలుసుల్లా వరుసగా కనిపిస్తే అదే సమయం. దూది ఇంకా తడిగా, విచ్చుకోకుండా ఉన్నప్పుడే దాని కొసను గట్టిగా పట్టుకుని, మరో చేత్తో విత్తనాలను కిందికి దువ్వితే అవి దూది నుంచి విడిపోయి గిన్నెలో రాలతాయి. ఒక్క రోజు ఆలస్యమైతే దూది విచ్చుకుని విత్తనాలన్నీ గాలికి పక్కవారి పెరట్లోకి వెళ్ళిపోతాయి కనుక, విత్తనాలు అక్కరలేనివారు కాయ పచ్చిగా ఉన్నప్పుడే కోసి చెత్తసంచిలో వేయాలి, కంపోస్టులో కాదు.